ఏరువాక పాటలో ఆడిన అమ్మాయి

వహీదా రెహమాన్ మొదటిసారి కెమెరా ముందు నిలబడింది తెలుగు సినిమాలో అంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. మా ఇంట్లో కూడా నమ్మలేదు. "హిందీ హీరోయిన్ కదమ్మా, మనకేం సంబంధం?" అన్నారు. సంబంధం బాగానే ఉంది. 1955 ఏప్రిల్‌లో విడుదలైన 'రోజులు మారాయి'లో ఏరువాక పాట ఉంది చూడండి, కొసరాజు గారు రాస్తే మాస్టర్ వేణు బాణీ కట్టి జిక్కితో పాడించిన పాట, ఆ పాటకి ఆడిన పదిహేడేళ్ళ పిల్ల ఆమే. సినిమా మొత్తానికీ హీరో నాగేశ్వరరావు గారు, హీరోయిన్ షావుకారు జానకి గారు. ఆ పిల్లకి ఉన్నది ఒక్క పాట. కానీ ఆ సినిమా పేరెత్తితే జనానికి ముందు గుర్తొచ్చేది కథ కాదు, ఆ పాటే.

ఆ ఒక్క పాట నుంచి 2021లో వచ్చిన 'స్కేటర్ గర్ల్' దాకా లెక్కేస్తే అరవై ఆరేళ్ళు. మధ్యలో పెళ్ళి, పిల్లలు, పొలం, భర్త పోవడం, మళ్ళీ మేకప్ వేసుకోవడం. నాట్యం నేర్చుకుని సినిమాకి వచ్చినవాళ్ళు మనకి చాలామందే ఉన్నారు. వైజయంతిమాల, ఎల్. విజయలక్ష్మి, 'శంకరాభరణం' మంజుభార్గవి, 'మయూరి' సుధాచంద్రన్, భానుప్రియ, ఇలా చెప్పుకుంటూ పోవచ్చు. అయినా నాట్యం ఒక ఆడదాని జీవితంలో ఎక్కడ మొదలై, ఎన్ని వేషాలు మార్చుకుని, ఎక్కడిదాకా వస్తుందో చూడాలంటే వహీదా కథే చూడాలి. ఈ మాట ఎందుకు అంటున్నానో తర్వాత చెబుతాను.

వహీదా పుట్టింది 1938 ఫిబ్రవరి 3న, తమిళనాడులోని చెంగల్పట్టులో. నలుగురు ఆడపిల్లల్లో ఆఖరిది. తండ్రి ప్రభుత్వాధికారి కాబట్టి బదిలీలతో ఊళ్ళు మారుతూ పెరిగింది, అందులో మన విశాఖపట్నం కూడా ఉంది. అప్పటి మద్రాసు రాష్ట్రంలో నాట్యం పరిస్థితి ఏమిటో ఒకసారి గుర్తు చేసుకోవాలి. అంతకుముందు నాట్యం దేవదాసీల కుటుంబాలదీ, కళావంతులదీ. పెద్దింటి ఆడపిల్ల గజ్జె కట్టడమంటే తలవంపులు. రుక్మిణీదేవి అరండేల్ 1936లో కళాక్షేత్రం పెట్టాక, బ్రాహ్మణుల ఇళ్ళలోంచి, ఉద్యోగస్తుల ఇళ్ళలోంచి పిల్లలు నాట్యానికి రావడం మెల్లగా మొదలైంది. ఇంకోపక్క 1947లో దేవదాసీలుగా అంకితం చేయడాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. అంటే తరతరాలుగా ఆ విద్యను కాపాడినవాళ్ళు అరుగు దిగుతుంటే, కొత్తవాళ్ళు అరుగెక్కుతున్న రోజులవి. ఇందులో ఎవరికి న్యాయం జరిగింది, ఎవరికి జరగలేదు అనేది పెద్ద కథ. దాన్ని ఇక్కడ విప్పితే మళ్ళీ మూట కట్టలేను.

అలాంటి కాలంలో ఒక ముస్లిం ఇంటి తండ్రి తన కూతుళ్ళకి భరతనాట్యం నేర్పించాడు. బంధువులు ఊరుకుంటారా? అన్నారు, అనాల్సినవన్నీ అన్నారు. ఆయన వినలేదు. వహీదా తర్వాత చెప్పిన ముచ్చట ఒకటుంది. తిరుచెందూర్ మీనాక్షిసుందరం పిళ్ళై అనే పెద్ద గురువు దగ్గర నేర్చుకోవాలని ఆమె పట్టు. ఆయన మొదట ముస్లిం పిల్లకి నేర్పనన్నాడు. ఆమె వదల్లేదు. సరే జాతకం తెమ్మన్నాడు. వాళ్ళింట్లో జాతకాలు రాయించే అలవాటు ఎక్కడిది? పుట్టిన వివరాలు చెబితే ఆయనే కూర్చుని జాతకం వేసుకున్నాడట. వేశాక, ఈమే నా ఆఖరి శిష్యురాలు, మంచి శిష్యురాలు అవుతుందని ఒప్పుకున్నాడట. జాతకాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు కానీ ఈ జాతకం మాత్రం నాకిష్టం. వద్దనడానికి అడిగిన కాగితమే రమ్మనడానికి పనికొచ్చింది.

రాజగోపాలాచారి గారు గవర్నర్ జనరల్‌గా ఉన్నప్పుడు విశాఖపట్నం వచ్చారు. ఆ సందర్భంలో ఈ అక్కచెల్లెళ్ళు ఆయన ముందు నాట్యం చేశారు. పేపర్లో పడ్డారు. సినిమావాళ్ళు అడగడం అప్పుడే మొదలైంది, తండ్రి ఇంకా చిన్నపిల్లలని వద్దన్నాడు. తర్వాత తండ్రి పోయాడు. తల్లి ఆరోగ్యం సరిగా లేదు. వహీదాకి డాక్టరు కావాలని ఉండేది, ఆ చదువు సాగలేదు. ఇంట్లో సంపాదించే మగదిక్కు లేదు. అప్పుడు తండ్రి స్నేహితుడైన నిర్మాత సి.వి.ఆర్. ప్రసాద్ గారు ఒక పాటకి ఆడమని అడిగారు. అదే ఏరువాక పాట, దర్శకుడు తాపీ చాణక్య.

ఇక్కడ కాసేపు ఆగాలి. నేర్చుకున్నది భరతనాట్యం, ఆడమన్నది పల్లెపాట. ఏరువాక అంటే తొలకరి పడ్డాక జ్యేష్ఠ పౌర్ణమినాడు ఎద్దులకి అలంకారం చేసి నాగలి పట్టే పండుగ అని మీకు వేరే చెప్పక్కర్లేదు. మా జహీరాబాద్ చుట్టుపక్కల నల్లరేగడి పల్లెల్లో ఈనాటికీ ఎద్దుల కొమ్ములకి రంగులేస్తారు, పక్కనే ఉన్న కర్ణాటక వైపు దీన్నే కారహుణ్ణిమె అంటారు. ఆ పండుగ పాటకి అరమండి, ముద్రలు పెడితే కుదరదు. ఆ అమ్మాయి పెట్టలేదు. నడుము, భుజాలు పల్లెవి, కళ్ళు మాత్రం పిళ్ళై గారి దగ్గర నేర్చుకున్నవి. పాటలో మాట ఎటు పోతే చూపు దానికంటే అర క్షణం ముందే అటు పోతుంది. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. శుక్రవారం చిత్రలహరిలో ఈ పాట వచ్చినప్పుడల్లా మా అత్తమ్మ టీవీకి దగ్గరగా జరిగి కూర్చునేది. "పిల్ల కండ్లతోనే ఆడుతుంది సూడు" అనేది. అప్పటినుంచి నేనూ కళ్ళే చూడటం మొదలుపెట్టాను.

ఈ పాట బాణీ చాలా ఊళ్ళు తిరిగింది. బర్మన్ దాదా దీన్నే 1960లో దేవానంద్ సినిమా 'బంబై కా బాబు'లో హిందీ పాటగా వాడుకున్నాడు. 'రోజులు మారాయి' తమిళంలో 'కాలం మారిపోచ్చు'గా వస్తే అందులోనూ వహీదా ఆడింది. 1955లోనే ఎన్టీఆర్ గారి 'జయసింహ'లో పాత్ర వచ్చింది. ఎమ్జీఆర్ 'ఆలీబాబా'లో మళ్ళీ ఒక నృత్యం. ఇంతవరకూ దక్షిణాది కథ.

ఇక గురుదత్ కథ. ఇది మా ఊరి రోడ్డు కథ కూడా. 1955లో మన 'మిస్సమ్మ' బాగా ఆడుతోందని తెలిసి, హిందీలో తీయడానికి పనికొస్తుందేమో చూద్దామని గురుదత్ తన మనుషులతో కారులో హైదరాబాద్ బయల్దేరాడు. దారిలో కారు ఒక బర్రెను గుద్దింది. కారు బాగయ్యేదాకా రెండు మూడు రోజులు హైదరాబాద్‌లో ఉండిపోవాల్సి వచ్చింది. బొంబాయి, హైదరాబాద్ మధ్య రోడ్డంటే షోలాపూర్, హుమ్నాబాద్ మీదుగా మా జహీరాబాద్ గుండా పోయేదే. ఆ బర్రె ఏ ఊరిదో కానీ, హిందీ సినిమా దానికి రుణపడి ఉంది.

కాలక్షేపానికి డిస్ట్రిబ్యూటర్ ఆఫీసులో కూర్చుంటే బయట జనం గోల. ఏమిటంటే 'రోజులు మారాయి' బృందం వచ్చింది, అందులో ఆ పాటకి ఆడిన అమ్మాయి ఉంది, జనం ఆమె కారు వెనక పడ్డారు. పేరేమిటి అన్నాడు. వహీదా రెహమాన్ అన్నారు. ఆ పేరుంటే ఉర్దూ వచ్చే ఉంటుంది కదా అని పిలిపించి ఓ అరగంట మాట్లాడాడు, పాట రీలు వేయించుకుని చూశాడు, వెళ్ళిపోయాడు. మిస్సమ్మ ఆయన తీయలేదు, అది ఏవీఎం వాళ్ళు మీనాకుమారితో 'మిస్ మేరీ'గా తీశారు. కొన్ని నెలల తర్వాత బొంబాయి నుంచి పిలుపు వచ్చింది. తల్లీ కూతుళ్ళు రైలెక్కారు.

ఆ తర్వాత జరిగింది నాకు మొత్తం కథలోకెల్లా ఇష్టమైన భాగం. ఒప్పందం రాసుకునేటప్పుడు దర్శకుడు రాజ్ ఖోస్లా, పేరు పొడుగ్గా ఉంది మార్చాలి అన్నాడు. దిలీప్ కుమార్, మధుబాల, మీనాకుమారి అందరూ మార్చుకున్నారు కదా అన్నాడు. ఈ అమ్మాయి మార్చుకోనంది. అమ్మానాన్న పెట్టిన పేరు అంది. అక్కడితో ఆగలేదు. నాకు నచ్చని బట్టలు వేసుకోను, అది ఒప్పందంలో రాయండి అంది. మైనరు కాబట్టి సంతకం తల్లి చేయాలి. ఊరు కాని ఊరు, తండ్రి లేడు, చేతిలో డబ్బు లేదు, ఎదురుగా బొంబాయి సినిమా పెద్దలు. పేరు అలాగే ఉండిపోయింది, బట్టల షరతు కాగితం మీదికి ఎక్కింది. ఉద్యోగానికి పోయే ముందు షరతులు మాట్లాడుకోవడం మన ఆడపిల్లలకి ఇప్పటికీ రాదు. జీతం ఎంతని అడగడానికే మొహమాటపడతారు.

'సీ.ఐ.డి' 1956లో వచ్చింది. మరుసటి ఏడాది 'ప్యాసా'. అందులో గులాబో అనే వీధి వేశ్య. ఆ పాత్రకి నాట్యం అక్కర్లేదు. ఒక మలుపు దగ్గర తిరిగి చూడటం, నడవడం, ఆగడం, అంతే. కానీ ఆ ఆగడం నాట్యం రానివాళ్ళకి అంత నిండుగా వస్తుందా అంటే రాదనే నా నమ్మకం. ఒళ్ళు ఎక్కడ ఆగాలో తెలియడం కూడా తాళమే. 'కాగజ్ కే ఫూల్' 1959లో వచ్చింది, మన దేశంలో మొదటి సినిమాస్కోప్ చిత్రం, అప్పట్లో ఆడలేదు. 'చౌదవీ కా చాంద్' ఆడింది. 'సాహిబ్ బీబీ ఔర్ గులామ్' 1962. ఆ రోజుల గురించి, గురుదత్‌తో ఆమె పేరు ముడిపెట్టి రాసినవి కావలసినన్ని ఉన్నాయి. ఆ గొడవలోకి నేను పోను. 1964లో గురుదత్ పోయాడు. ఆమె ఆ విషయం ఏనాడూ వీధిలో పెట్టలేదు. అది చాలు.

ఒక సంగతి మీరు గమనించారో లేదో. గౌరవం కోసం అంత పట్టుబట్టిన ఈ అమ్మాయి తెర మీద వేసిన పెద్ద పాత్రల్లో సగం సమాజం వెలివేసిన ఆడవాళ్ళవే. 'ప్యాసా'లో వేశ్య. సత్యజిత్ రే 'అభిజాన్'లో అమ్ముడుపోయిన గులాబీ. 'ముఝే జీనే దో'లో బందిపోటు ఎత్తుకుపోయిన నాచ్‌వాలీ. 'తీస్రీ కసమ్'లో నౌటంకీ ఆడే హీరాబాయి, ఆమెని దేవతనుకునే అమాయకపు బండివాడు రాజ్ కపూర్. నాట్యం చేసే ఆడదాన్ని లోకం ఎలా చూస్తుందో చెప్పడానికి ఆమెకంటే తెలిసినవాళ్ళు ఎవరున్నారు? ఆమె చిన్నప్పుడు బంధువులు ఆమె తండ్రితో అన్న మాటలన్నీ ఆ పాత్రలు పడతాయి.

వాటన్నిటికీ తలమానికం 'గైడ్' రోజీ. ఆర్.కె. నారాయణ్ నవల 1958లో వచ్చింది, విజయ్ ఆనంద్ హిందీ సినిమా 1965లో. ఇంగ్లీషులో కూడా తీశారు, పెర్ల్ బక్ రచనలో చేయి వేసింది, అది ఆడలేదు. కథ మీకు తెలుసు. ఆడిపాడే కుటుంబంలో పుట్టిన అమ్మాయి. గౌరవమైన పెళ్ళి కావాలని తల్లి ఆమెని ఒక పెద్దమనిషికి ఇస్తుంది. ఆ భర్త రాళ్ళల్లో, గుహల్లో బొమ్మలు వెతుక్కుంటూ ఉంటాడు. గుహలో రాతి మీద నాట్యకత్తె ఉంటే గంటలు గంటలు చూస్తాడు, ఇంట్లో ప్రాణమున్న నాట్యకత్తెని గజ్జె ముట్టనివ్వడు. ఎంత బాగా పట్టుకున్నాడండీ నారాయణ్! ఈ భర్త మనకి తెలియనివాడేం కాదు. కొట్టడు, తాగడు. "ఇప్పుడు అదంతా ఎందుకు?" అంటాడు, అంతే.

రోజీ బజారుకి వెళ్ళి గజ్జెలు కొనుక్కుంటుంది. ఇంట్లోంచి నడిచి వస్తుంది. తర్వాత ఆమెకి దక్కిన రాజు కూడా మంచివాడేం కాదు, ఆమె నాట్యాన్ని అమ్మి బతుకుతాడు, దొంగ సంతకం పెడతాడు. అయినా ఆమె నాట్యం ఆగదు.

ఇక్కడ ఒక ఇంగ్లీషు సినిమా గుర్తొస్తుంది. 1948లో వచ్చిన 'ది రెడ్ షూస్'. అందులో హీరోయిన్ మొయిరా షియరర్, నిజంగానే బాలే నర్తకి. భర్తా, నాట్యమా తేల్చుకోమంటారు. తేల్చుకోలేక ఆ పిల్ల రైలు కింద పడుతుంది. సీమ సినిమాకి ఆ ముగింపు, మన సినిమాకి రోజీ. అటుపక్క బాలే నేర్చుకుని సినిమాకి వచ్చినవాళ్ళూ తక్కువేం కాదు. జీన్ కెల్లీ పట్టుకొచ్చిన ఫ్రెంచి పిల్ల లెస్లీ కరాన్ 1951లో 'ఎన్ అమెరికన్ ఇన్ పారిస్'తో మొదలుపెట్టి యాభై ఏళ్ళ తర్వాత కూడా సినిమాల్లో కనిపించింది. నాట్యం నేర్చిన ఒళ్ళు తొందరగా అరగదు కాబోలు.

'గైడ్'కి వహీదాకి ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. 1968లో విడుదలైన 'నీల్ కమల్'కి రెండోది. 'నీల్ కమల్' పేరు వినకపోయినా అందులో రఫీ పాడిన అప్పగింతల పాట మీరు విని ఉంటారు. మా ఊళ్ళో ఏ కులం పెళ్ళయినా, ఏ మతం పెళ్ళయినా, పిల్లని సాగనంపే వేళకి బ్యాండువాళ్ళు ఆ పాట ఎత్తుకోవాల్సిందే. పిల్ల తండ్రి ఏడవాల్సిందే. ఇక 1967లో 'రామ్ ఔర్ శ్యామ్'. ఇది మన 'రాముడు భీముడు'. నాగిరెడ్డి గారు నిర్మాత, దర్శకుడు ఎవరనుకున్నారు? తాపీ చాణక్య. పన్నెండేళ్ళ కింద ఒక్క పాటకి ఆడించిన పిల్లని దిలీప్ కుమార్ పక్కన హీరోయిన్‌గా పెట్టి తీశాడు. దీని గురించి ఎవరూ ఎందుకు పెద్దగా రాయరో నాకు అర్థం కాదు.

తెలుగువాళ్ళం తప్పకుండా చూడాల్సింది 'ఖామోషీ', 1969. అసిత్ సేన్ తీసిన ఈ సినిమాకి మూలం ఆయనదే బెంగాలీ 'దీప్ జ్వేలే జాయ్', సుచిత్రా సేన్ చేసింది. అదే కథ తెలుగులో 1960లో 'చివరకు మిగిలేది'గా వచ్చింది, మన సావిత్రి గారు చేశారు. బుచ్చిబాబు గారి నవలకీ దీనికీ పేరే కలిసింది. ప్రేమ దెబ్బకి మతి చెడిన రోగిని ప్రేమ నటించి బాగుచేయాలి, అది నర్సు ఉద్యోగం. రోగి బాగవుతాడు, ఆమె మనసు నిజంగా పోతుంది, చివరికి ఆమే పిచ్చిదవుతుంది. ముగ్గురు మహానటులు ఒకే పాత్ర చేశారంటే పోల్చకుండా ఎలా ఉంటాం? సావిత్రి గారు లోపలిది మొహంలోకి పొంగనిస్తారు, మనం కొట్టుకుపోతాం. వహీదా పొంగనివ్వదు, మూత పెట్టి మంట మీద ఉంచుతుంది. మాట్లాడకుండా, తెల్ల యూనిఫాంలో, మెట్లు ఎక్కుతూ దిగుతూ. నాట్యం అనేది ఒక్క అడుగు లేదు అందులో. నాకైతే ఆమె అభినయం నేర్చుకున్నదంతా అక్కడే కనిపిస్తుంది. సావిత్రి గారు కూడా చిన్నప్పుడు విజయవాడలో నాట్యం నేర్చుకున్నవారే. ఇద్దరిలో ఎవరు గొప్ప అని మా అత్తమ్మకీ, పక్కింటి ఖాలాకీ ఎన్నో సాయంత్రాలు వాదన జరిగింది. ఖాలా దక్కనీలో, అత్తమ్మ తెలుగులో. తేలలేదు.

'రేష్మా ఔర్ షేరా'కి జాతీయ ఉత్తమ నటి అవార్డు. 1972లో పద్మశ్రీ. 1974లో పెళ్ళి. భర్త శశి రేఖీ, కమల్‌జీత్ పేరుతో పదేళ్ళ కింద 'షగూన్'లో ఆమె పక్కన నటించినవాడే. అదే సంవత్సరం తెలుగులో 'బంగారు కలలు', ఆదుర్తి సుబ్బారావు గారి సినిమా. నాగేశ్వరరావు గారే హీరో. ఏరువాక పాట నాడు ఆయన హీరో, పంతొమ్మిదేళ్ళ తర్వాతా ఆయన హీరోనే. హీరోయిన్ మాత్రం లక్ష్మి. వహీదా ఆయనకంటే పదేళ్ళకి పైగా చిన్నది. ఈ లెక్క హిందీలో ఇంకా విచిత్రం. 1976లో 'కభీ కభీ'లో అమితాబ్ బచ్చన్ భార్య. రెండేళ్ళు తిరిగి 1978లో 'త్రిశూల్'లో అదే అమితాబ్‌కి తల్లి. రెండేళ్ళలో ఆయన వయసు పెరగలేదు, ఈమెకి ఒక తరం పెరిగింది. చాలామంది హీరోయిన్లు ఇక్కడ అలిగి ఇంటికి పోతారు. తప్పులేదు. ఈమె మాత్రం చేసింది. 'త్రిశూల్'లో ఉన్న కాసేపట్లోనే ఆ సినిమా మొత్తానికీ కావలసిన కోపం కొడుక్కి ఇచ్చిపోతుంది.

1980ల్లో కుటుంబం బెంగళూరు దగ్గర పొలంలో స్థిరపడింది. ఇద్దరు పిల్లలు. సినిమాలు పూర్తిగా మానలేదు. 'మషాల్', 'చాందినీ', 'లమ్హే' చేసింది. కృష్ణ గారి 'సింహాసనం' కూడా ఆ కాలంలోదే, 1986, తెలుగులో తొలి 70 ఎంఎం. 'లమ్హే' తర్వాత మాత్రం పదేళ్ళ పైచిలుకు ఖాళీ. ఈ ఖాళీని చాలామంది త్యాగం అని రాస్తారు. నాకు ఆ మాట నచ్చదు. ఇల్లు చూసుకున్న ఆడదాని కాలాన్ని ఒకరు త్యాగం అంటారు, ఇంకొకరు వృథా అంటారు. పొలం చేసింది, పిల్లల్ని పెంచింది, తనకి ఇష్టమైంది వండుకుంది అని రాయొచ్చు కదా. రోజీకి వద్దని చెప్పింది భర్త. వహీదాకి ఎవరూ వద్దని చెప్పలేదు. ఆ తేడా చూడకుండా రెండింటినీ ఒక గాటన కట్టకూడదు.

ఇప్పుడు మొదట్లో దాచిన మాట. మా ఆడపడుచు కూతురు ఆరేళ్ళుగా కూచిపూడి నేర్చుకుంటోంది. పదో తరగతికి వచ్చింది కాబట్టి ఈ జూన్ నుంచి మాన్పించాలని ఇంట్లో అనుకుంటున్నారు. "దాంతో ఏమొస్తది వదినా, మార్కులొస్తయా?" అని మా ఆడపడుచు అడిగింది. మార్కులు రావు. నాకు వెంటనే సమాధానం తోచలేదు. ఫోన్‌లో అలాంటివి చెప్పడం నాకు చేతకాదు, రాయడమే కాస్త వచ్చు. ఇది ఆమె చదువుతుందని తెలుసు. పిల్ల సినిమాల్లోకి పోతుందని కాదు వదినా, అందరి పిల్లలూ వహీదాలు కారు. పదేళ్ళ పిల్లగా నేర్చుకున్నది అరవై ఏళ్ళకి ఎలా పనికొస్తుందో నేర్చుకునే రోజున ఎవరికీ కనిపించదు. వారానికి రెండు సాయంత్రాలు మూడు గంటలు, మొత్తం లెక్క అంతే. తగ్గించు, ఒక్క రోజుకి తగ్గించు. గజ్జెలు మాత్రం అటక ఎక్కించకు. నేను ఎక్కించినవి ఎక్కడున్నాయో నీకు తెలుసు.

2000 నవంబరులో ఆమె భర్త పోయాడు. అరవై దాటిన వయసు. మళ్ళీ బొంబాయి వచ్చింది. 2002లో 'ఓం జై జగదీశ్', ముగ్గురు కొడుకుల తల్లి. తర్వాత దీపా మెహతా 'వాటర్', అపర్ణా సేన్ '15 పార్క్ అవెన్యూ'. 2006లో 'రంగ్ దే బసంతీ', అందులో పైలట్ కొడుకుని పోగొట్టుకున్న తల్లిగా ఆమె కొవ్వొత్తి పట్టుకుని కూర్చుంటే హాల్లో కాలేజీ కుర్రాళ్ళు కూడా నిశ్శబ్దం అయిపోయారు. 2009లో 'ఢిల్లీ 6' నానమ్మ. ఈ మధ్యలో, 2006లోనే, తెలుగులో 'చుక్కల్లో చంద్రుడు'. సిద్ధార్థ్ హీరో. సినిమా గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కానీ అందులో ఎనభై దాటిన నాగేశ్వరరావు గారూ, వహీదా ఉన్నారు. 'రోజులు మారాయి' తర్వాత యాభై ఒక్క సంవత్సరాలు. ఈసారి ఇద్దరూ తల నెరిసినవాళ్ళే. ఆ ఒక్క విషయంలో లెక్క సరిపోయింది.

అవార్డులు వరసగా వచ్చాయి. మన రాష్ట్ర ప్రభుత్వం ఎన్టీఆర్ జాతీయ పురస్కారం ఇచ్చింది. 2011లో పద్మభూషణ్. 2023 సెప్టెంబర్ 26న దాదాసాహెబ్ ఫాల్కే ప్రకటించారు, అక్టోబర్‌లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము చేతుల మీదుగా అందుకుంది. ప్రకటన వచ్చిన రోజు దేవానంద్ నూరవ జయంతి. 'సీ.ఐ.డి' హీరో, 'గైడ్' హీరో. కావాలని కుదిర్చినా అంత బాగా కుదరదు. ఎనభై అయిదేళ్ళ వయసులో చీర కొంగు సర్దుకుంటూ వేదిక మీదికి నడిచి వచ్చినప్పుడు నేను టీవీలో చూసింది ఆ నడకే.

ఇప్పుడామెకి ఇష్టమైన పని అడవి జంతువుల ఫోటోలు తీయడం. కెమెరా పట్టుకుని అడవులకి పోతుంది, ప్రదర్శనలు కూడా పెట్టింది.

మొదటిసారి చూసేవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే 'గైడ్' అని అందరూ చెబుతారు. నేనైతే 'ఖామోషీ' చూసి, అదే వారంలో 'చివరకు మిగిలేది' చూడమంటాను. రెండూ యూట్యూబ్‌లో దొరకొచ్చు, నలుపు తెలుపే, మధ్యాహ్నం పని అయ్యాక రెండు రోజులు పడుతుంది. ఆ తర్వాత ఏరువాక పాట పెట్టుకుని, ఈసారి అడుగులు వదిలేసి కళ్ళు మాత్రమే చూడండి.